ఆఖరి మేత

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను.
తీలో గొంతు. కొత్త లైసెన్సు, కొత్త తుపాకీ.
"తగిలింది... పరిగెత్తింది" అన్నాడు.
ఆ రెండు మాటల మధ్య ఖాళీలోనే
నాకు సగం కథ తెలిసిపోయింది.

ఎంత దూరం?
ఎనభై మీటర్లు.
పక్కన పిల్ల ఉందా?
లేదు. అదే ఇంకా ఈడు రాని పెయ్య.
వెనక మట్టిగట్టు ఉందా, గుండును మింగడానికి?
ఉంది. ఇది మాత్రం తడుముకోకుండా చెప్పాడు.
వెలుతురు?
చాలినంత.

సరే, ఇంటికి పో. వెతకొద్దు, తరమొద్దు.
పొట్టలో తగిలిన జింక
వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది,
వెంటపడితే కొండ దాటిపోయి చస్తుంది.

ఆ రాత్రి హార్జ్ కొండల్లో
మంచూ పడలేదు, నాకు నిద్రా పట్టలేదు.
అల్మా మాత్రం పొయ్యి పక్కన గుర్రు పెట్టింది.
కుక్కలకు రేపటి పని రేపే.

తెల్లారేసరికి వాలు మీద ఉన్నాం.
పురుగు తొలిచి చంపిన స్ప్రూస్ చెట్లు
కొండ పొడుగునా ఆరేసిన చేపముళ్లలా ఉన్నాయి.
వాటి మొదళ్లలో మేం నాటిన ఓక్ మొక్కలు:
కంచె లోపలివి నా నడుము దాకా,
కంచె బయటివి నా చీలమండ దాకా.
జింకలనేం అనగలం, లేతచిగురు ఎవరికి చేదు?
ఒకప్పుడు తోడేలు చేసిన పని
మనం నెత్తినేసుకున్నాం.
నెత్తినేసుకున్నాక సరిగా చెయ్యాలి.
ఈ ఏడు ఈ లోయకు రాసిన లెక్క పద్నాలుగు.
కాగితం మీద అంకెకు పొట్ట ఉండదు.

తగిలిన చోట మోకాళ్ల మీద కూర్చున్నాను.
నాలుగు వెంట్రుకలు, బూడిదరంగువి.
ఎండుటాకు మీద ఒక చుక్క,
ఎరుపు కాదు, గడ్డి నమిలి ఉమ్మినట్టు.
వాసన చూశాను. పులుపు.
లేచి అక్కణ్ణుంచి మంచె దాకా నడిచాను
పైకే లెక్కపెడుతూ, అతనికి వినపడేట్టు.
నా పెద్ద అడుగు మీటరుంటుంది.
నూట అరవై రెండు.

తీలో తన బూట్ల వైపు చూసుకున్నాడు.
నేనేమీ అనలేదు.
అనాల్సింది అడుగులే అనేశాయి.

అల్మా ముక్కు నేలకు దించింది.
పది మీటర్ల తోలుతాడు అరచేతిలో బిగుసుకుంది.
వాగు దాటాం, ముళ్లకంప దాటాం.
మా నారింజరంగు జాకెట్లు తప్ప
అడవంతా తడిసిన బూడిద.
రెండుసార్లు దారి తప్పింది కుక్క,
రెండుసార్లూ తనే వెనక్కొచ్చి
ఆఖరి చుక్క దగ్గర మళ్లీ మొదలెట్టింది.
తప్పొప్పుకోడానికి దానికి సిగ్గులేదు.

రెండు గంటల తర్వాత
ఎండిన ఫెర్న్ పొదలోంచి ఒక తల లేచింది.
బతికుంది.
రాత్రంతా బతికే ఉంది.

"నువ్వా, నేనా?" అన్నాను.
"చేతులు వణుకుతున్నాయి" అన్నాడు.
నిన్నట్నుంచి అతను చెప్పిన మొదటి నిజం.
కుక్కను వెనక్కి లాగి అతని చేతికిచ్చి,
జింక వెనక బండరాయి లేదని చూసుకుని
నేనే కాల్చాను.

మాకో రివాజుంది.
ఓక్ కొమ్మ తుంచి పడిన జింక నోట్లో పెడతాం.
ఆఖరి మేత అంటాం దాన్ని.
ఓక్ చిగుళ్లు మేసిందనే కదా
ఇంత లెక్కా, ఇంత తుపాకీ?
ఇప్పుడు మేమే తినిపిస్తున్నాం.
ఇన్నేళ్లుగా పెడుతున్నాను,
ఇది నాకెప్పుడూ తట్టలేదు.

రెండో కొమ్మ వేటగాడి టోపీకి.
తీలో టోపీ తియ్యలేదు.
కొమ్మ తీసుకుని, కాసేపు పట్టుకుని నిలబడి
అల్మా మెడపట్టీలో గుచ్చాడు.

దిగుతూ ఉంటే అడిగాడు,
"నీకెప్పుడైనా, హెన్రికే...?"

తొంభై మూడు, నవంబరు.
పెద్ద కొమ్ములది. పొద్దుగూకింది.
వెలుతురు చాలినంతే ఉందనుకున్నాను నేనూ.
మూడు రోజులు వెతికాను, ఒంటరిగా, ఊరికే కళ్లతో.
వసంతంలో కూడా దొరకలేదు, కొమ్ములు కూడా.

ఆ ఏడే మొదటి కుక్కను కొన్నాను.
అల్మా ఐదోది.